కుదరని సంతకం

త్రినాధరావు మాస్టారు పదకొండోసారి సంతకం పెట్టి, కాగితాన్ని రత్నరాజు ముందుకి తోశారు.

"సూడు రాజూ. ఇప్పుడెలాగుంది?"

రత్నరాజు చూశాడు. నిరుటి సంతకం జెరాక్సు పక్కన పెట్టి మళ్లీ చూశాడు.

"ఆ చివరి గీత కలవట్లేదండి."

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గర రత్నరాజుది చిన్న గది. ఉద్యోగస్తుల ఆదాయపు పన్ను ఫారాలు నింపడం అతని పని. ఇన్నాళ్లూ చేత్తో రాసి ఇచ్చేవాడు. ఈ ఏడాదే, 2008లో, కంప్యూటర్లో పంపడం మొదలుపెట్టాడు. అలా పంపినా, చివర్న ఒక కాగితం అచ్చుతీసి, దాని మీద ఆ మనిషి చేత సంతకం పెట్టించి ఆఫీసులో ఇవ్వాలి. అది లేకపోతే అసలు పంపనట్టే లెక్క.

మాస్టారు రావికమతం దగ్గర ఒక హైస్కూలుకి హెడ్మాస్టరు. వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. భార్య గంగాభవాని మూడు నెలలు ఆ చేతికి నూనె రాసింది. వేళ్లు ఒక్కొక్కటీ తెరిచింది, మూసింది. చెయ్యి పూర్తిగా కుదుటపడిందన్నాడు డాక్టరు. సోమవారం మళ్లీ బడిలో చేరాలి. ఆ చేత్తో ఆయన పెట్టిన మొదటి సంతకం పోయిన నెల ఈ పన్ను కాగితం మీదే.

అదే తిరిగొచ్చింది. నిరుటి ఫారం మీది సంతకంతో కలవడం లేదు, సరిగ్గా పెట్టండి, లేదంటే సాక్షుల ముందు వేలిముద్ర వేయండి అని ఆఫీసు వాళ్లు నేరుగా మాస్టారి ఇంటికే ఉత్తరం రాశారు.

"నాకైతే రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అంది గంగాభవాని.

"పెళ్లిసూపుల్లో మా తమ్ముణ్ణి సూసి నేననుకున్న మనిషివి. నీ సాక్ష్యం సెల్లదు" అన్నారు మాస్టారు.

రత్నరాజు నవ్వలేదు.

ఇరవై అయ్యాయి. మాస్టారి నుదుటి మీద చెమట పట్టింది.

"ఎలా పెట్టేవోణ్ణో సెయ్యి మర్సిపోయింది రాజూ. బాగానే పెడతన్నానని బుర్ర అనుకుంటంది. అదీ పాడైనట్టుంది."

"కాసేపు ఆగండి మాస్టారూ. టీ తెప్పిత్తాను."

"నువ్వు కాబట్టి ఓపిగ్గా కూకున్నావు నాయినా" అంది గంగాభవాని. "ఇంకోడైతే ఈపాటికి ఏలిముద్ర ఏయించీసి పంపీవోడు."

రత్నరాజు జెరాక్సు కాగితాన్ని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు.

ముప్ఫై దాటాక మాస్టారు పెన్ను పక్కన పెట్టేశారు.

"సోమవారం బడికెల్లనులే. నేనిచ్చిన టీసీలు ఇలాగే తిరిగొత్తే పిల్లలకి కాలేజీల్లో సీట్లు పోతాయి. ఉజ్జోగం మానేత్తానని నువ్వే ఓ కాయితం రాసిపెట్టు. దీని మీదా, దాని మీదా ఏలిముద్ర ఏసెత్తాను."

గంగాభవాని ఆయన చేతిని ఒళ్లోకి తీసుకుంది. అలవాటుగా వేళ్లు తెరవబోయి, ఆగిపోయింది.

రత్నరాజు నోరు తెరిచాడు. మాస్టారు తలెత్తి చూశారు.

"ప్యాడ్ ఆరిపోయిందండి. సిరా ఏత్తాను" అన్నాడు.

కాగితం రాశాడు. మాస్టారు రెండిటి మీదా బొటనవేలు వేశారు, చెదరకుండా, జాగ్రత్తగా. ముప్ఫై సంతకాలున్న కాగితంతోనే వేలు తుడుచుకున్నారు.

నిరుడు మాస్టారు సంతకం పెట్టి ఇచ్చిన ఫారంలో ఒక అంకె తప్పు రాసి, మళ్లీ రావికమతం వెళ్లడానికి బద్ధకించి, దాన్ని చింపేసి కొత్త ఫారం మీద ఆయన సంతకం పెట్టింది రత్నరాజే.