జవాబు గడి

"టైలరమ్మా, పాతదేనా? కొత్తదేమన్నా రాయాలా?"

"పాతదేనక్కా. మనసులోదే."

ఎనిమిదేళ్లుగా ప్రతి బుధవారం ఇదే ప్రశ్న, ఇదే మాట. చర్చి వెనక గదిలో స్త్రీల సమాజం కూడగానే సెక్రెటరీ ప్రార్థనల పుస్తకం తెరుస్తుంది. ఎడమ గడిలో ఎవరు ఏం అడుగుతున్నారో తనే రాస్తుంది. కుడి గడి జవాబుది. అడిగింది దొరికిన మనిషే వచ్చి తన చేత్తో తేదీ వేసుకోవాలి. అది పాస్టరమ్మ పెట్టిన నియమం. కొడుక్కి ఉద్యోగం, తేదీ. మోకాళ్ల నొప్పి, తేదీ. కోడలు మాట్లాడింది, తేదీ. ఆ కోడలు మరుసటి వారమే మళ్లీ మూతి ముడిచింది, అది వేరే సంగతి.

నోరు విప్పి చెప్పుకోలేని వాళ్లకు సెక్రెటరీ 'మనసులో మాట' అని రాస్తుంది. అలా రాయించుకుంది టైలరమ్మ ఒక్కతే.

అయినా దాపరికం ఏముంది గనక! ఆమె కూతురికి ఇరవై నాలుగేళ్లు. ఇప్పటికీ పాపాయే. నిలబడలేదు, మాట్లాడలేదు, పక్కకు ఒత్తిగిల్లాలన్నా తల్లి చెయ్యి పడాలి. కుట్టుమిషన్ చప్పుడు వింటే మాత్రం నవ్వుతుంది. అందుకని పని లేని రోజున కూడా టైలరమ్మ ఉత్తి మిషన్ తొక్కుతుంది. ఆ పిల్ల లేచి నడవాలనే కదా తల్లి కోరిక. అందరూ కళ్లు మూసుకుని అదే అడిగేవాళ్లు.

ఒక బుధవారం పాఠం, బిడ్డ కోసం గుడిలో ఏడ్చి అడిగిన బైబిల్ హన్నా కథ. పెదాలు కదిలాయి గానీ గొంతు వినిపించలేదని, చూసిన గుడి పెద్దాయన తాగి ఉందనుకుని కసిరాడని పాస్టరమ్మ చదివి చెప్పింది.

"మన టైలరమ్మా అంతేగా! పెదాలే కదులుతాయి" అంది పూలమ్మే వదిన. అందరూ నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది. ఆస్పత్రికి ఇవ్వాల్సిన దిండు గలీబుకు అంచు మడుస్తూ, దారం పంటితో తెంపింది.

సెక్రెటరీ నవ్వలేకపోయింది. ఆమె పనిచేసేది ఆస్పత్రి ల్యాబులో. రెండు రోజుల కిందట టైలరమ్మ రిపోర్టు ఆమె చేతి మీదుగానే వెళ్లింది. ఆ రోజు ఆస్పత్రి వరండా బెంచీ మీద టైలరమ్మ పక్కన కూలబడింది.

"డాక్టరు ఏమన్నాడే?"

"ఆరు నెలలన్నాడక్కా. ఆయన చెప్పాలా ఏంటి? నా బట్టలు నేనే రెండుసార్లు బిగించుకున్నా."

సెక్రెటరీ ఘొల్లుమంది. "ఆ పాత మాట కొట్టేస్తా. నీ ఆరోగ్యం కోసమని రాస్తా."

"వద్దక్కా. ఎవరికీ చెప్పకు. ఆ పాతదే ఉండనీ." రిపోర్టు మీద వేలితో గీత గీసి చూపించింది. "కావాలంటే దాని కింద ఓ గీత గియ్యి. టైం లేదు కదా."

"నువ్వు పోతే పాపాయిని ఎవరు చూస్తారే?"

"అదే కదక్కా."

నేను చూస్తాను అనే మాట సెక్రెటరీ నాలుక చివరిదాకా వచ్చింది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు గుర్తొచ్చింది. మాట అక్కడే ఆగిపోయింది. టైలరమ్మ అది గమనించినట్టే ఉంది. ఆమె చేతి మీద తట్టి, రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

సెక్రెటరీ ఆ మాట కింద రెండు గీతలు గీసింది. ఆపైన ఆమె ఉపవాసాలకు అంతులేదు. 'తల్లి ఉండగానే పిల్లను లేపు తండ్రీ, తన పని తను చేసుకునేలా చెయ్యి' అని గొంతు పోయేలా అడిగేది. కారణం తెలియకపోయినా మిగతావాళ్లు కూడా గొంతు కలిపేవాళ్లు. గది అంతా ఆమెన్ అనేది. టైలరమ్మ తల వంచుకుని పెదాలు కదుపుతూ ఉండేది.

నాలుగో నెలలో పాపాయికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. మూడో రోజు పొద్దున్నే తల్లి ఒడిలో ప్రాణం విడిచింది.

పాపాయిని సాగనంపే బట్టలు టైలరమ్మ ఎవర్నీ కుట్టనివ్వలేదు. ఇన్నాళ్లూ, పడుకున్న మనిషికి తొడగడానికి వీలుగా, పక్కన నాడాలు పెట్టి కుట్టేది. ఈసారి అందరు ఆడపిల్లలూ వేసుకునే మామూలు గౌను కుట్టింది, నడుము దగ్గర కుచ్చులు పెట్టి. మిషన్ చప్పుడుకు నవ్వే ముఖం పక్కనే ఉంది, నవ్వలేదు. అప్పుడు మాత్రం టైలరమ్మ మిషన్ మీద తల వాల్చి ఏడ్చింది.

తర్వాతి బుధవారం ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. తన కుర్చీలోనే కూర్చుంది. సెక్రెటరీ పుస్తకం తెరిచి, ఆ రెండు గీతలు కనపడగానే ఉండబట్టలేకపోయింది.

"ఎనిమిదేళ్లు! మనం అడిగిందేంటి, ఆయన చేసిందేంటి? ఇంత అన్యాయమా!" అంటూ ఆ మాట కొట్టేయడానికి పెన్ను తీసింది. పాస్టరమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

"కొట్టేయకక్కా" అంటూ టైలరమ్మ లేచి వచ్చింది. "ఇలా ఇవ్వు."

పెన్ను అందుకుంది. సూది పట్టినంత సులువుగా పట్టలేకపోయింది. కన్నీళ్లు కాగితం మీద పడకుండా మోచేత్తో ముఖం తుడుచుకుంది.

ఎనిమిదేళ్లుగా ఖాళీగా ఉన్న ఆ జవాబు గడిలో, తన చేత్తోనే, పాపాయి చనిపోయిన తేదీ వేసింది.