కంచె దాటిన మందు

తోడికోడలి టమాటా తోట కనిపించినప్పుడల్లా పెద్దకోడలు కళ్ళల్లో నిప్పులు పోసుకునేది.

ఇద్దరి తోటలకూ మధ్య కంచె ఒక్కటే అడ్డం. మట్టి ఒకటే, నీళ్ళూ ఒకటే. కానీ చిన్నకోడలిది సేంద్రియ సాగు. ఏటా తనిఖీ, ఆకుల పరీక్ష, ఆపైన ఆకుపచ్చ ముద్ర. మార్కెట్లో ఆ ముద్ర ఉన్న బుట్టలది పై అర. మందు తగ్గించి, కొట్టినప్పుడల్లా పుస్తకంలో రాసి చూపే సమగ్ర సాగు వాళ్ళకు నీలం ముద్ర, మధ్య అర. ఏ ముద్రా లేని పెద్దకోడలి కాయలు నేలమీద. నేలమీద ఉన్నందుకు కాదు ఆమె ఏడుపు, తోడికోడలివి పైన ఉన్నందుకు.

"ఆకులు ఉడకబెట్టిన కషాయానికి పురుగు చస్తుందా?" అని మూతి తిప్పేది. "నా మందు చూడండి. మూడేళ్ళుగా ఆకుకు చిల్లు పడితే ఒట్టు!"

ఆ మందు కలపడం మాత్రం అత్తగారి పని. మూడేళ్ళ కిందట కలుపుతూ కలుపుతూ పెద్దకోడలు కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటినుంచి సీసాలు కొనుక్కురావడం, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టడం వరకే ఆమె వంతు.

తెల్లారితే తనిఖీ.

"అత్తయ్యా, ఒక డబ్బా కలిపిపెట్టండి. కాస్త ఘాటుగా."

"మొన్ననేగా కొట్టావు?"

"మళ్ళీ కొడతాను."

చిన్నకోడలు ఇంట్లో లేదు. పెద్దకోడలు డబ్బా వీపున వేసుకుని, కంచె మీదుగా గొట్టం చాచి, అవతలి మూడు వరుసలూ తడిసి ముద్దయ్యేలా కొట్టింది. మందు జాడ దొరికిందా, ముద్ర పోయినట్టే. అది తిరిగి రావాలంటే మళ్ళీ మొదటినుంచి మూడేళ్ళు ఆగాలి. ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు తనిఖీ అధికారి సరిగ్గా ఆ వరుసల్లోనే ఆకులు కోసుకెళ్ళాడు. పది రోజులకు తిరిగొచ్చి, "ఏ మందూ లేదమ్మా" అంటూ ముద్ర వేసిన కాగితం చిన్నకోడలి చేతిలో పెట్టాడు.

పెద్దకోడలు ఆగలేకపోయింది. "అబద్ధం! నేను పక్కనే కొడుతుంటే గాలికైనా వచ్చి పడదా?"

"ఆ అనుమానంతోనే మీ ఆకులూ కోశామమ్మా. వాటిలోనూ ఏమీ లేదు."

"నా తోటలోనా? ఏమీ లేదా?"

అరుగుమీద కాయలు ఏరుతున్న అత్తగారు తలెత్తలేదు.

"నువ్వు కళ్ళు తిరిగి పడ్డ రోజునుంచీ నీ సీసాలు మూతైనా తీయకుండా పాకలోనే ఉన్నాయే, నీ డబ్బాలో నేను పోస్తున్నది చిన్నదాని కషాయమే."