కలకబారిన గ్లాసు

ఐసుముక్క పడీపడగానే గ్లాసులో విస్కీ తెల్లగా కలకబారింది.

బయ్యమ్మ గుండె బాదుకుంది.

"సూడరా దొరస్వామీ! మీ నాయన మనసు కలత పడుండాది!"

అది ఆమె మొగుడు వెంకటరమణప్ప పోయిన పదకొండో రోజు. పోయినాయనకు ఇష్టమైనది ముందు పటం దగ్గర పెట్టాలి, ఆ తరువాతే మగాళ్ళు ముట్టాలి. చల్లగా తాగేవాడని పెద్దకొడుకు దొరస్వామి పుంగనూరు నుంచి ఐసు, బెంగళూరు నుంచి ఫారిన్ విస్కీ తెచ్చాడు.

"అన్నా, కల్తీ సరుకు అది. బెంగళూరోళ్ళు నీకు నున్నగా గుండు గీసినారు" అని తమ్ముడు శివకుమార్ ఎగతాళి చేశాడు.

వాడు తెచ్చింది ఐదు లీటర్ల సారా క్యాను. అది తొంభై ఆరో సంవత్సరం. మద్యనిషేధం హైదరాబాదు కాగితాల్లో ఉండేది. సరుకు మాత్రం బార్డరు దాటి, సైకిలెక్కి పెద్దపంజాణి పల్లెలకు వచ్చేది.

క్యానులోది ఇంకో గ్లాసులో పోసి ఐసు వేశారు. అద్దంలా తేటగా ఉంది.

"సరుకంటే ఇదీ!" అన్నాడు శివకుమార్.

పందిట్లో విస్తరి ముందు నుంచి ఒక ముసలాయన లేచాడు. సోడాబుడ్డి అద్దాలు, చంకలో గుడ్డసంచి. ఎవరని ఎవరూ అడగలేదు. దినాల పూట అన్నానికి కూర్చున్నవాణ్ణి అడగరాదు.

"అప్పా, ఆ కలక చల్లదనానికి వచ్చేది. విస్కీ కాచే బార్లీలోని నూనె అది. ఎండలో పెడితే తేటపడతాది" అంటూ గ్లాసు తీసి ఎండలో గోడ మీద పెట్టాడు. "మనిషిని సంపేది కలక కాదప్పా. ఆ క్యాను వార్నీషు వాసన కొడతాండాది. తాగొద్దండి."

"తాతకు గొంతు తడారినట్టుండాదే!"

ఎవరో అన్న ఆ మాటకు పందిరంతా నవ్వింది.

ఆ విస్కీ సీసా కాలవలో పారబోయమంది బయ్యమ్మ. చూస్తే సీసా లేదు. ముసలాయన సంచిలో దొరికింది.

దొరస్వామికి తిక్క లేచింది. "దినాలింట్లో దొంగతనమా? ఏల తీసినావు?"

"నాకు కాదప్పా, నేను తాగను. రేపు మీకే కావాల. నేను కుప్పంలో..."

చెంప పగిలింది. అద్దాలు ఎగిరి రాయి మీద పడి పగిలాయి. ఆయన కళ్ళ ముందే సీసా కాలవలో వంపేశారు. ముసలాయన తడుముకుంటూ రోడ్డెక్కాడు.

క్యాను రెండో చుట్టుకు వచ్చింది. తన సీసాకు జరిగిన అవమానానికి దొరస్వామి మాత్రం అలిగి దూరంగా కూర్చున్నాడు. అప్పుడు చూశాడు, గోడ మీది గ్లాసు.

తేటపడింది.

లేచి ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ కొట్టింది తన చెయ్యే. ఎవరూ చూడకుండా గ్లాసును కూడా కాలవలో వంపేశాడు.

మర్నాడు బారెడు పొద్దెక్కినాక శివకుమార్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అన్నా, ఇంకా తెల్లారలేదా?"

ఎండ వాడి మొహం మీదే పడుతోంది.

మదనపల్లె ఆసుపత్రికి జీపులో చేరేసరికి క్యానులోది తాగినవాళ్ళలో ముగ్గురు కళ్ళు తేలేశారు. డాక్టరు శివకుమార్ కనురెప్ప ఎత్తి చూశాడు.

"ఇంట్లో అసలైన విస్కీ ఉందా? ఉంటే పరిగెత్తు, తీసుకురా!"

"విస్కీనా?"

"ఈ విషానికి మంచి మందే విరుగుడయ్యా. నిషేధమని ఊళ్ళో అంగళ్ళన్నీ మూసినారు, నా దగ్గర చుక్క లేదు."

డాక్టరు శివకుమార్ రెండో కన్ను కూడా ఎత్తి చూశాడు.

"పోయినేడు కుప్పం పక్కన పదకొండు మంది ఇదే తాగితే, చెంచాతో మంచి విస్కీ పోసి తొమ్మిదిమందిని బతికించినాడు ఒక కాంపౌండరు, మునస్వామి అని. అదే సరుకు మీ పల్లెలకు వస్తాండాదని తెలిసి, చెప్పేదానికి నిన్న పొద్దున్నే నాతో చెప్పి బస్సెక్కినాడే... సోడాబుడ్డి అద్దాలు, గుడ్డసంచి... మీ ఊరికి రాలేదా?"