సున్నా కిలోల పాప

"మీ ప్రోగ్రాం లెక్కన ఈ పాప బరువు సున్నా. కాస్త ఎత్తుకోండి" అంటూ నర్సమ్మ పాపను నా చేతుల్లో పెట్టింది.

రెండు నిమిషాలకే నా చెయ్యి లాగేసింది. తెరమీద మందు మోతాదు కూడా సున్నాయే. పాప ఒళ్ళు మాత్రం కాలిపోతోంది.

"ఏం టైపు చేశారు?" అన్నాను, తప్పు ఆవిడదేనన్న ధీమాతో.

"సుమారు 7.4 అని."

"అదీ సంగతి! అంకెకు ముందు మాట ఉంటే, సి ప్రోగ్రామింగ్ భాషలో అంకెలు చదవడానికి నేను వాడిన ఫంక్షన్‌కి అర్థం కాదు. సున్నా ఇచ్చేస్తుంది."

"అర్థం కాలేదని చెప్పొచ్చుగా?"

"అలా చెప్పే ఫంక్షన్ ఇంకోటుంది. ఎక్కడిదాకా అర్థమైందో కూడా చూపిస్తుంది. కానీ నాలుగు లైన్లు ఎక్కువ రాయాలని..." నా పదిహేనేళ్ళ అనుభవం నీళ్ళు నమిలింది.

ఆవిడ కాగితం మీద లెక్కకట్టి పాపకు మందు పట్టింది.

"పిల్లలు కదిలితే తూకం ముల్లు నిలవదు, అందుకే సుమారు అని రాస్తామని పోయిన నెలే చెప్పాను కదండీ. అర్థమైందని తల ఊపారు!"

ఊపాను. ఆ రోజు ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇంత పెద్ద ప్రోగ్రామర్ని, మళ్ళీ అడిగితే పరువేం కాను?

ప్రోగ్రాంది అచ్చం నా పోలికే.

"నాకప్పుడు అర్థం కాలేదండీ" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఎక్కడిదాకా అర్థమైందో చెప్పండి, అక్కణ్ణుంచి చెప్తాను."

"మీరు 'కూర్చోండి' అన్నదాకా."