సుమిత్ర అడిగిన మాట

"నొక్కితే వంగుతున్నది. గిదేం మూతయ్యా?" అన్నాడు వెంకటనర్సయ్య, కొత్త ల్యాప్‌టాప్ మీద బొటనవేలు ఆనించి.

జనగామ బస్టాండు పక్కన కంప్యూటర్ల దుకాణం నడిపే రాకేష్ నవ్వాడు. ముప్పై ఏళ్లుగా పప్పుల టోకు వ్యాపారం చేస్తున్న మనిషికి ఏ సరుకూ ఒక పట్టాన నచ్చదని అతనికి తెలుసు.

"అగ్గువ ధరల గిదే మంచిది సేటూ. బొమ్మ సాఫ్, మాట సాఫ్. ఇంతకంటె మంచిది కావాల్నంటే పిరమైతది," అన్నాడు.

వెంకటనర్సయ్య దాన్ని కందిపప్పు నమూనా చూసినట్టు అరచేతిలో ఎత్తి చూశాడు. ఒంటివేలితో తెరిచాడు, మూశాడు. అడుగున వేడిగాలి పోయే సందులను కళ్లద్దాలు సవరించుకుని మరీ పరీక్షించాడు. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని రెండుసార్లు అడిగి, రెండుసార్లూ ఒకే జవాబు వచ్చిందో లేదో చూసుకున్నాడు. ఎంతైనా సేటు సేటే!

పక్కన కూతురు ప్రసన్న ఓపిగ్గా నిలబడి ఉంది. డిగ్రీ ఆఖరి ఏడు, ప్రాజెక్టు చేయాలి. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే పావుగంట తీసుకుంటుంది. వెంట తెచ్చిన దాన్ని ఇచ్చేస్తే కొత్తదాని ధరలో మూడు వేలు తగ్గిస్తానన్న రాకేష్, ఒక పాట పెట్టి చూసి రెండున్నరకు దిగాడు.

"దీని ఎడమ స్పీకర్ ఎప్పుడో పోయింది సేటూ. ఒక్క దిక్కే పలుకుతున్నది."

"రెండుంటయా?" అన్నాడు వెంకటనర్సయ్య.

"అన్న హాస్టల్ల కింద పడేసిండు. నువ్వు తిడ్తవని చెప్పలే," అంది ప్రసన్న.

కొడుకు మాట రాగానే ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

అది వరుణ్ చదువుకునే రోజుల్లో వాడిన ల్యాప్‌టాప్. కొడుకును గడప తొక్కనివ్వక నాలుగేళ్లయింది గానీ, కొడుకు వదిలేసిన ల్యాప్‌టాప్‌ను మాత్రం దేవుడి గదిలో భద్రంగా పెట్టుకున్నాడు. అందులో ఆయన భార్య సుమిత్ర ఉంది మరి.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది సుమిత్ర దవాఖానలో పోయింది. అప్పుడాయన ఇంట్లో జ్వరంతో మంచం మీదున్నాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్ల తొడుగు లేనిదే వార్డులో అడుగు పెట్టనివ్వని రోజులవి. ఆఖరి రోజున ఆ వార్డు ఆయమ్మ గంగి తన ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసింది. సేటుది బటన్ ఫోను కాబట్టి, గుమాస్తా దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆ ల్యాప్‌టాప్‌లో వేసిచ్చాడు. మంచం మీద సుమిత్ర, పక్కన ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డ తెల్ల తొడుగు మనిషి. సుమిత్ర తలుపు దిక్కు చూసి, "వరుణ్ వచ్చిండా?" అని అడుగుతుంది. ఆ తర్వాత మాట లేదు. గుర్రుమని యంత్రాల మోత, అంతే.

రోజూ తెల్లవారి దీపం పెట్టాక ఆయన తలుపు దగ్గరికేసుకుని ఆ వీడియో చూస్తాడు. కన్నకూతురికి కూడా చూపించడు. సుమిత్ర అడుగుతుంది. "రాలేదే," అని ఆయన జవాబు చెప్తాడు. అక్కడితో పోతే బాగుండు. ఆ మాట పగలంతా ఆయన వెంటే తిరుగుతుంది. కాంటా మీద సంచి పెడితే వినిపిస్తుంది, కంచం ముందు కూర్చుంటే వినిపిస్తుంది. ఒక్కోసారి వీధి తలుపు చప్పుడైతే, జవాబు కోసం ఆమే వచ్చిందని ఒళ్లు జలదరిస్తుంది.

భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తున్న వరుణ్, తల్లి పోయిన మూడోనాడు గడపలో నిలబడి, "నేను పోయిన నాయినా, అమ్మను చూసిన," అన్నాడు. "మీ అమ్మ వచ్చిండా అని తన నోటితోని అడిగింది. పోయినదాని మీద అబద్ధమాడుతవా?" అని తలుపు వేశాడు తండ్రి. పౌరుషంలో కొడుకు మాత్రం తక్కువ తిన్నాడా? మళ్లీ ఒక్క మాట చెప్పుకోలేదు.

కన్నవాడు పట్టని చెయ్యి పట్టుకున్న ఆ తెల్ల తొడుగు మనిషి మీద మాత్రం వెంకటనర్సయ్యకు ఎనలేని గురి. పేరు తెలియదు, మొహం తెలియదు. ఏటా సుమిత్ర సంవత్సరీకం నాడు దవాఖాన సిబ్బందికి అన్నాలు పెట్టించి, ఏ తల్లి కన్న బిడ్డో చల్లగుండాలని దండం పెట్టుకుంటాడు.

"ఎల్లుండే అమ్మ సంవత్సరీకం. ఈసారన్న అన్నను పిలుద్దాం నాయినా," అంది ప్రసన్న మెల్లగా. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ అమ్మ పిలిచినప్పుడు రానోడు, నేను పిలిస్తే ఎందుకొస్తడు?" అన్నాడాయన. అని, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి రాకేష్ ముందు పెట్టాడు. "దీంట్ల ఆమె మాట పాతదాని కంటె మంచిగ వినబడాలె. వినబడితేనే బేరం. లేకుంటే నా పాతది నాకియ్యి."

తండ్రి ఏమి పెట్టించబోతున్నాడో ప్రసన్నకు అప్పుడు అర్థమైంది.

రాకేష్ వీడియో పెట్టి, సౌండు పూర్తిగా పెంచాడు. నాలుగేళ్లలో మొదటిసారి సుమిత్ర ముక్కుపుడక స్పష్టంగా కనిపించింది. ఆమె ఎండిన పెదాలు కదిలాయి.

"వరుణ్ వచ్చిండా?"

"రాలే..." అన్నాడు వెంకటనర్సయ్య అలవాటుగా.

ఇంకా ఆ మాట పూర్తి కానేలేదు. పాతదాంట్లో ఎన్నడూ పలకని ఎడమ దిక్కు నుంచి, ముసుగు లోపలి నుంచి, ఏడుపు ఆపుకుంటున్న గొంతు ఒకటి వచ్చింది.

"వచ్చిన అమ్మా. ఇగో, నీ చెయ్యి పట్టుకున్న."

ప్రసన్న నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తెల్ల తొడుగులో ఉన్నది వరుణ్.