తగ్గిపోతున్న మాట

“మాట బాగా తగ్గిపోయింది డాక్టరుగారూ,” అంది అక్క. “ఇదివరకు పొద్దస్తమానం వినబడేది. ఇప్పుడు చెవులు రిక్కించి వినాల్సొస్తోంది.”

“తగ్గాలనే కదమ్మా మన తాపత్రయం. అది మంచి గుర్తే,” అంది డాక్టరమ్మ.

అక్క పక్కకి చూసింది. తమ్ముడు కుర్చీలో ఒదిగి కూర్చుని, కిటికీ అద్దం మీద జారుతున్న వానచుక్కల్ని చూస్తున్నాడు. ఇంటిల్లిపాదీ వాగుడుకాయ అని పిలిచిన మనిషి. ఇప్పుడు పలకరిస్తే తప్ప నోరు విప్పడం లేదు. ఒంటి మీద ఎప్పటిలాగే ఆ నీలం చొక్కా. వాడికి తను ఆఖరుగా కుట్టిందే. ఇంకోటి కుడతానంటే నవ్వి ఊరుకుంటాడు.

డాక్టరమ్మ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది.

“ఇది ఆపరేషన్లో తీసిన ముక్క. మెదడు కణితితో వచ్చే చిక్కే ఇది. ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాలుంటాయి చూడండీ, వాటిని దగ్గరికి రానివ్వదు. వచ్చిన ఒకటీ అరా కణాల్ని మభ్యపెట్టి పడుకోబెడుతుంది. అందుకే ఆ రోజు మీ ఆయనకి గట్టిగా ఏమీ చెప్పలేకపోయాను. ఇదేమో మొన్న తీసిన ముక్క. ఈ ముదురు చుక్కలన్నీ ఆ కణాలే. మందు వాటిని నిద్ర లేపింది. ఇలా కనబడినవాళ్లు మామూలుగా ఎక్కువకాలం బాగుంటున్నారు.”

“అంటే, పూర్తిగా కరిగిపోతుందా?”

“ఆశ పెట్టుకోవచ్చమ్మా.”

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. అక్క గుండెల్లో రాయి పడింది.

మందెక్కించే గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బావ కిందికి, మందుల కొట్టుకి వెళ్లాడు.

“ఈ మందు మానేద్దాంరా,” అంది అక్క మెల్లగా.

“మానేస్తే?”

“మళ్లీ మునుపట్లా మాట్లాడతావు.”

“ఎన్నాళ్లు?”

అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది.

“బావ మొహం చూశావా అక్కా? కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో పాపం. మానేశామని ఆయనకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు కూడా సగంలోనే పలచబడిపోయింది.

“నువ్వు కబుర్లు చెప్పకపోతే నేను కుట్టుమిషను ముందు కూర్చోలేనురా.”

“కూర్చుంటావులే. చిన్నప్పుడు నన్ను బడి దగ్గర దిగబెట్టి, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయేదానివి. తిరిగితే నేను ఏడుస్తానని. ఇప్పుడూ అంతే. నన్ను పంపడం నీకు కొత్తేం కాదుగా.”

అక్క వాడి కాలరు సరిచేద్దామని చెయ్యి చాచింది. తాకకుండానే వెనక్కి తీసుకుంది.

తలుపు తెరుచుకుంది. మందు సంచి, సూదీ పట్టుకుని నర్సు వచ్చింది. “మొదలుపెడదామా?”

తమ్ముడు ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి గానీ మాట వినబడలేదు. అక్క వాడి వైపు చూడకుండా, కళ్లు తుడుచుకుని తలూపింది.

నర్సు ఖాళీ కుర్చీని పక్కకి జరిపి, అక్క చేతికి సూది గుచ్చింది.