మామిడి సెంటు

పండు ఈగలను ఏమార్చడానికి నూజివీడు తోటలన్నిటికీ వాసన మార్చే పెట్టెలు బిగించాక మామిడిపండ్లు తడి సిమెంటు వాసన కొట్టేవి. ఈగలు దారి తెలియక ఆకలితో తిరిగేవి.

ఆ రోజు బేరగాడు వస్తున్నాడని, అతనికి కాస్త మామిడి గుర్తుకు రావాలని రైతు గంగయ్య మామిడి సెంటు పూసుకుని బయల్దేరాడు. తోట గేటు చేరేసరికి వేల ఈగలు వెంటపడ్డాయి.

భార్య వరహాలమ్మ గేటు మూసేసింది. "లోపలికి రాకండి, పంటంతా పోతుంది."

"మరెక్కడికి పోను?"

"కాలవలోకి."

గంగయ్య మెడలోతు నీళ్లలో దిగాడు. బేరగాడు వచ్చి గట్టు మీదే కూర్చుని ధర చెప్పాడు. ముఖాన వాలిన ఈగలను తోలుకోవడానికి గంగయ్య తల అడ్డంగా ఊపాడు. అది కాదనడమనుకుని బేరగాడు ధర పెంచాడు. గంగయ్య మళ్లీ ఊపాడు. అతను మళ్లీ పెంచాడు.

చివరికి గంగయ్య భార్య వైపు తిరిగి, "ఇక పైకి వస్తానే" అన్నాడు.

"కంగారేముంది, ఇంకో నాలుగు ఈగలు తోలండి," అంది వరహాలమ్మ.